కరవు మండలాల్లో పిల్లల పోషకాహార లోపం: అంగన్‌వాడీ బరువుల రిజిస్టరు చూస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కనిగిరి వైపు నాలుగైదు మండలాల్లో మీ సంస్థ పని చేస్తోంది. ఈ ఏడు వానలు సరిగ్గా లేవు. ఐదేళ్లలోపు పిల్లలు ఎలా ఉన్నారు, ఇళ్లలో తిండి పరిస్థితి ఏమిటి అని నెలన్నరలో రిపోర్టు ఇవ్వమన్నారు. అంగన్‌వాడీలో నెలనెలా తూచే బరువులు తీసుకుంటే చాలా, లేక ఇల్లిల్లూ తిరగాలా, తిరిగితే ఎంతమందిని కొలవాలి?

చాలదు, తిరగాల్సిందే. అయితే అన్ని ఇళ్లూ అక్కర్లేదు. 30 ఊళ్లు, ఊరికి 16 మంది పిల్లలు చొప్పున కొలవండి, అవే ఇళ్లలో గత వారం తిండి గురించి అడగండి. వాటితో పాటు తాళం వేసి ఉన్న ఇళ్ల లెక్క రాసుకోండి. ఈ మూడో పనిని దాదాపు అందరూ వదిలేస్తారు. పశ్చిమ ప్రకాశంలో, ఉదయగిరి మెట్టలో పని చేసినవాడిగా చెబుతున్నాను, కరవు దెబ్బ ఎక్కువ తగిలిన కుటుంబాలు మీరు వెళ్లేసరికి ఊళ్లోనే ఉండవు.

ముందు తిండి సంగతి. కరవు అనగానే ఖాళీ కుండలు కనిపిస్తాయని కొత్తవాళ్లు అనుకుంటారు. మన దగ్గర అలా ఉండదు. రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకైతే 35 కిలోల బియ్యం వస్తాయి. అది నెలంతా సరిపోదు, కానీ పొయ్యి మాత్రం ఆరదు. "రాత్రి పస్తు పడుకున్నారా అమ్మా?" అని అడిగితే తొంభై శాతం మంది లేదనే అంటారు. అబద్ధం కాదు, నిజమే. దాన్ని నమ్ముకుని "ఆహార భద్రత బాగుంది" అని రాసిన రిపోర్టులు చాలా చూశాను.

కరవులో మాయమయ్యేది అన్నం కాదు, అన్నంలోకి కలుపుకునేది. మెట్టలో కంది పండుతుంది. కానీ నూర్చిన వెంటనే అప్పు తీర్చడానికి అమ్మేస్తారు. తర్వాత అదే పప్పును కొట్లో కిలో, అరకిలో కొనుక్కోవాలి. పంట పోయిన ఏడాది ఆ కొనడమూ తగ్గుతుంది. గడ్డి దొరక్క పాడిగేదెను తోలేస్తారు, దాంతో పాలు పోతాయి. చేలల్లో పని లేకపోతే వారానికోసారి తెచ్చే గుడ్లు, చికెనూ పోతాయి. మిగిలేది అన్నం, చింతపండు పులుసు, పచ్చడి. పెద్దవాళ్లు దాంతో నెట్టుకొస్తారు. ఏడాదిన్నర పిల్లాడి పొట్ట చిన్నది, పులుసన్నం ఎంత పెట్టినా వాడికి కావాల్సిన మాంసకృత్తులు, కొవ్వు అందులోంచి రావు.

అందుకే ఆకలి గురించి కాకుండా, ఏ పదార్థం వారంలో ఎన్ని రోజులు తిన్నారు అని అడగండి. ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్లు వాడే ఆహార వినియోగ స్కోరు ఇదే. ధాన్యాలకు 2, పప్పులకు 3, కూరగాయలకు 1, పండ్లకు 1, మాంసం, చేప, గుడ్లకు 4, పాలకు 4, నూనెకు అర, చక్కెరకు అర చొప్పున పాయింట్లు. తిన్న రోజుల సంఖ్యతో గుణించి కలపాలి. నూనె, చక్కెర రోజూ వాడే ప్రాంతాల్లో 28 వరకు ఉంటే అధ్వానం, 42 వరకు అంచు మీద ఉన్నట్టు, ఆ పైన ఫర్వాలేదు. మనకు ఈ 28, 42 గీతలే వర్తిస్తాయి. 21, 35 అని వేరే గీతలు కూడా కనిపిస్తాయి, అవి తీసుకోవద్దు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఓ ఇల్లు తీసుకోండి: అన్నం ఏడు రోజులు, పప్పు మూడు రోజులు, కూరగాయ మూడు రోజులు, గుడ్డు ఒక రోజు, నూనె, చక్కెర రోజూ. 14, 9, 3, 4, ఆపైన మూడున్నర, మూడున్నర. మొత్తం 37, అంటే అంచు మీద ఉన్న ఇల్లు. ఇప్పుడు సర్వే చేసే అమ్మాయి "పాలు వాడతారా?" అని అడిగింది. "టీ పెట్టుకుంటాం కదా" అందావిడ. ఏడు రోజులు పాలు అని రాసేస్తే 28 పాయింట్లు కలిసి 65 అవుతుంది! పావులీటరు ప్యాకెట్టు నలుగురి టీలోకి పోసిన ఇల్లు రోజూ పాలు తాగే ఇల్లయి కూర్చుంటుంది. టీలో పాలు, పులుసులో ఒక టమోటా, తాలింపులో రెండు ఉల్లిపాయ ముక్కలు లెక్కలోకి తీసుకోకూడదు. శిక్షణ రోజున మిగతా అంతా మరిచిపోయినా ఈ ఒక్కటి పదిసార్లు చెప్పండి.

పిల్లల తిండి ఇంటి తిండితో సమానం కాదు కాబట్టి 6 నుంచి 23 నెలల బిడ్డ ఉంటే విడిగా నిన్నటి రోజు మాత్రమే అడగండి. తల్లిపాలతో కలిపి మొత్తం ఎనిమిది రకాల్లో కనీసం ఐదు అందాయా అన్నది ప్రమాణం. "పప్పు పెడతావా?" అని అడిగితే పెడతానంటుంది. "నిన్న తెల్లారి లేచినకాడ్నుంచి పిల్లోడికి ఏమేం పెట్టావమ్మా, మొదట్నుంచి చెప్పు" అని అడగండి. అప్పుడు బయటపడుతుంది: పొద్దున టీలో బిస్కెట్టు, పదింటికి కుర్‌కురే ప్యాకెట్టు, మధ్యాహ్నం పప్పు మీది తేట కలిపిన అన్నం. ఆ తేటను నేను పప్పుగా రాయించను. ఐదు రూపాయల ప్యాకెట్లు కూడా రాసుకోండి. కూలి డబ్బులు చేతిలో ఉన్న రోజుల్లోనూ బిడ్డ ఎందుకు బక్కగానే ఉన్నాడో వాటితో చాలావరకు అర్థమవుతుంది.

ఇంటివాళ్లు ఎలా సర్దుకుంటున్నారన్నది మరో ప్రశ్నల వరుస. గత వారంలో తక్కువ రకం తిండికి దిగారా, అప్పు తెచ్చి తిన్నారా, వడ్డించేది తగ్గించారా, పిల్లల కోసం పెద్దలు మానుకున్నారా, పూటలు తగ్గించారా. వీటికి వరుసగా 1, 2, 1, 3, 1 చొప్పున పాయింట్లు. పెద్దలు మానుకోవడానికి అన్నిటికన్నా ఎక్కువ పాయింట్లు ఉన్నాయి, అది సబబే. అయితే ఆ ప్రశ్నను ఇంటాయనను కాక ఇల్లాలిని అడగాలి. ఎవరు మానుకుంటున్నారో ఆవిడకే తెలుసు. బంగారం తాకట్టు, గొర్రెల అమ్మకం, కూలీలను వలస పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర తెచ్చిన అడ్వాన్సు, బడి మానిన పిల్లలు ఇవన్నీ కూడా అడగండి. ఇందులో మేస్త్రీ అడ్వాన్సు చాలా ముఖ్యం. అది తీసుకున్న ఇల్లు ఈ రోజు బాగానే తింటూ ఉండొచ్చు, కానీ రెండు నెలల్లో బిడ్డతో సహా వలస పని దగ్గర గుడారంలో ఉంటుంది.

ఇక కొలతలు. అంగన్‌వాడీ రిజిస్టరు ఎందుకు చాలదన్నాను? కార్యకర్తల మీద నింద వేయడానికి కాదు. ఒక్క మనిషి, ఆమె మీద యాప్‌లు, గుడ్ల లెక్కలు, సర్వేలు. రిజిస్టరు తెరిచి బరువుల్లో చివరి అంకె చూడండి. నిజంగా తూచితే 0 నుంచి 9 వరకు ప్రతి అంకె దాదాపు పదో వంతు సార్లు రావాలి. సగం బరువులు సున్నాతోనో ఐదుతోనో ముగిశాయంటే అవి అంచనాలు. నెలనెలా అందరూ వంద గ్రాముల చొప్పున పెరిగారంటే అది మరీ స్పష్టం. రిజిస్టరు పనికిరాదని కాదు, ఊళ్లో పిల్లల పేర్ల జాబితాకు అంతకంటే మంచి ఆధారం లేదు. జాబితా అక్కడ తీసుకోండి, కొలత మీరు కొలవండి.

పిల్లల సంఖ్య ఎలా వచ్చిందంటే: బక్కచిక్కిన (ఎత్తుకు తగ్గ బరువు లేని) పిల్లలు 16 శాతం దాకా ఉంటారనుకుని, అటూ ఇటూ 4 శాతం తేడాతో తెలిస్తే చాలనుకుంటే 323 మంది కావాలి. ఊళ్లవారీగా గుంపులుగా తీసుకుంటున్నాం కాబట్టి ఒకటిన్నర రెట్లు, అంటే 480 పైచిలుకు. జనాభాను బట్టి 30 ఊళ్లు ఎంచుకుంటే ఊరికి 16. ఇది మీ మండలాలన్నిటికీ కలిపి ఒక్క అంకె ఇస్తుంది. మండలానికో అంకె కావాలని ఎవరైనా అడిగితే ఈ శాంపిల్‌తో కుదరదని మొహమాటం లేకుండా చెప్పేయండి. ఇవ్వగలిగినట్టు పట్టిక వేసి ఇస్తే ఏదో ఒక మండలానికి అన్యాయం జరుగుతుంది.

కొలిచేటప్పుడు చూసుకోవాల్సినవి:

వయసు. ఆధార్‌లో పుట్టిన తేదీని నమ్మొద్దు. తల్లీబిడ్డల కార్డు, టీకాల తేదీలు చూడండి. అవీ లేకపోతే అందరికీ గుర్తున్న సంఘటనలతో లెక్కకట్టండి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను, 2024 మే 13న ఓట్లు, 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు వైపు భూమి కంపించడం. "ఓట్లప్పుడు నాకు ఏడో నెల" అని తల్లి అందంటే మీకు పుట్టిన నెల దొరికినట్టే. రెండు నెలలు తప్పు పడితే చిన్న పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లెక్క పూర్తిగా మారిపోతుంది.

ఎత్తు. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి, ఆపైన వాళ్లను నిలబెట్టి కొలవాలి. తారుమారు చేస్తే దాదాపు 0.7 సెంటీమీటరు తేడా వస్తుంది. పడుకోబెట్టినప్పుడు ఇద్దరు మనుషులుండాలి, ఒకరు తల, ఒకరు మోకాళ్లు. ఒక్కరితో కానిచ్చేస్తే బిడ్డ కాలు ముడుస్తాడు, పొట్టివాడవుతాడు, ఎత్తుకు బరువు సరిపోయినట్టు తేలుతుంది. మీ లెక్కలో బక్కచిక్కినవాడు కాస్తా మామూలు పిల్లాడైపోతాడు. నెత్తిన పిలక, కొప్పు ఉంటే విప్పించండి.

బరువు. వెండి మురుగులు, మొలతాడు, తాయెత్తులు. తీయించడానికి అమ్మమ్మలు ఒప్పుకోరు, బలవంతం చేయకండి. ఉన్నాయని పక్కన రాయండి.

దండ చుట్టుకొలత. ఎడమ చేయి, భుజానికి మోచేతికి సరిగ్గా మధ్యలో, చేయి వదులుగా వేలాడుతూ ఉండాలి. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు. 6 నుంచి 59 నెలల వాళ్లలో 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే తీవ్రం, 12.5 లోపు ఉంటే మధ్యస్థం.

వాపు. రెండు పాదాల పైన బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. రెండింటిలోనూ గుంట నిలిస్తే ఆ బిడ్డ బరువు ఎంతున్నా తీవ్ర లోపం కిందే లెక్క. చూడ్డానికి బొద్దుగా ఉంటాడు, అందుకే తప్పించుకుంటాడు.

చేయి టేపు ఒక్కటే తీసుకెళితే చాలదా అని చాలామంది అడుగుతారు. ఊళ్లో తీవ్ర లోపం ఉన్న బిడ్డను త్వరగా పట్టుకోవడానికి టేపు మంచిది. కానీ శాతం తేల్చే పనికి మన దేశంలో అదొక్కటే సరిపోదు. టేపు పట్టే పిల్లలు, ఎత్తు బరువుల లెక్క పట్టే పిల్లలు చాలావరకు వేర్వేరు. టేపు చిన్న వయసు వాళ్లను ఎక్కువ పడుతుంది. రెండూ చేయండి, రెండు అంకెలూ విడివిడిగా రాయండి. బయటికి వెళ్లేముందు మీ బృందంలో అందరి చేతా పదిమంది పిల్లల్ని రెండేసి సార్లు కొలిపించండి. ఒకే బిడ్డకు ఒకే మనిషి రెండుసార్లూ బాగా తేడా ఉన్న ఎత్తులు రాస్తే ఆ మనిషికి ప్రశ్నల పని ఇవ్వండి, కొలతల పని వద్దు.

వచ్చిన అంకెను ఎలా చదవాలి? ఇక్కడా పెద్ద రిపోర్టుల్లో తడబాటు చూస్తుంటాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 31.2 శాతం, ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 16.1 శాతం, వయసుకు తగ్గ బరువు లేనివాళ్లు 29.6 శాతం. ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 15 శాతం దాటితే అంతర్జాతీయ కొలమానంలో "చాలా ఎక్కువ". అంటే ఆ సర్వే నాటికే రాష్ట్రం ఆ గీత దాటి ఉంది. మీకు 18 వచ్చిందనుకోండి, "కరవు వల్ల అత్యవసర పరిస్థితి" అని రాయడానికి తొందరపడకండి. మీ శాంపిల్‌లో 4 శాతం అటూ ఇటూ ఉంది కదా, మామూలు రోజులకూ దీనికీ తేడా ఉందని ఆ ఒక్క అంకె చెప్పలేదు. తిండి స్కోరు, పశువుల అమ్మకాలు, వలస, విరేచనాలు అన్నీ ఒకే వైపు చూపిస్తే అప్పుడు గట్టిగా రాయండి. వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడాన్ని ఈ ఏడాది కరవు ఖాతాలో వేయనే వద్దు. అది తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా పేరుకున్నది.

పాత జిల్లా అంకెలతో పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఆ సర్వేలో ప్రకాశం అంటే పాత ప్రకాశం. 2022 ఏప్రిల్‌లో చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్లకు, కందుకూరు నెల్లూరుకు వెళ్లాయి, ఆ తర్వాత కూడా సరిహద్దులు మారాయి. తీర ప్రాంతం, కాలువ కింది పల్లెలు కలిసిన ఆ సగటును వెలిగండ్ల, సీఎస్ పురం లాంటి మెట్ట మండలాల అంకెలతో పోల్చడం సరికాదు. నెల్లూరు సంగతీ అంతే. పెన్నా డెల్టా, ఉదయగిరి మెట్ట ఒకే సగటులో ఇమిడిపోతే మెట్ట బాధ కనపడదు.

ఇప్పుడు తాళం ఇళ్లు. సంక్రాంతి దాటగానే మెట్ట ఊళ్ల నుంచి గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు వెళతారు. హైదరాబాద్, బెంగళూరు బిల్డింగ్ పనులకు వెళ్లేవాళ్లు వేరే. మీరు ఫిబ్రవరిలో వెళితే ఊళ్లో కనిపించేది కదలలేని ముసలివాళ్లు, కదలాల్సిన అవసరం లేని కాస్త ఉన్నవాళ్లు. వాళ్ల పిల్లల్ని కొలిచి వచ్చిన శాతం బాగానే ఉంటుంది. జాబితాలో ఉన్న బిడ్డ ఇంటికి తాళం ఉంటే పక్కింటికి వెళ్లి కొలిచేసి సంఖ్య నింపేయడం మన బృందాలకు అలవాటు. పక్కింటి బిడ్డతో భర్తీ చేయనివ్వకండి. చుట్టుపక్కల అడిగి మూడు రకాలుగా రాయించండి: పొద్దుటి పనికి వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లు, బిడ్డలతో సహా సీజన్‌కి వెళ్లినవాళ్లు, ఊరు వదిలేసినవాళ్లు. మొదటి రకం కోసం సాయంత్రం మళ్లీ వెళ్లాలి. రెండో రకం ఐదో వంతు దాటితే మీ శాతం పక్కన ఆ మాట పెద్దక్షరాల్లో ఉండాలి. వీలుంటే కోతల చేల దగ్గరే గుడారాల్లో కొందరు పిల్లల్ని కొలవండి. లేదంటే వాళ్లు తిరిగొచ్చిన మొదటి రెండు వారాల్లో కొలవండి. అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లిన పిల్లల్ని కూడా విడిగా గుర్తు పెట్టండి. తల్లిపాలు అర్ధాంతరంగా ఆగిపోయిన బిడ్డలు అక్కడే దొరుకుతారు.

మీకు నెల ఎంచుకునే వీలుంటే నేనైతే ఆగస్టు, సెప్టెంబరు అంటాను. పాత గింజలు అయిపోయి, కంది చేతికి రావడానికి ఇంకా నెలలు పట్టే రోజులు అవి. మనుషులూ ఎక్కువమంది ఊళ్లోనే ఉంటారు.

జనాభాను బట్టి ఊళ్లు ఎంచుకుంటే చిన్న గూడేలు లాటరీలో రావు. యర్రగొండపాలెం, దోర్నాల వైపు చెంచు గూడేలు, నెల్లూరు వైపు చెరువుగట్ల దగ్గర, ఊరి చివర ఉండే యానాది ఇళ్లు ఇలా తప్పిపోతాయి. ఊరి జాబితాలోనే ఉండని ఇళ్లు కొన్ని. వాళ్లను శాంపిల్‌లో ఇరికించకుండా విడిగా, ఆ గూడెంలో ఉన్న పిల్లలందరినీ కొలవండి. అంకెలు కూడా వేరే పేజీలో ఇవ్వండి. చెంచులకు శ్రీశైలంలో, యానాదులకు నెల్లూరులో ఐటీడీఏలు (గిరిజనాభివృద్ధి సంస్థలు) ఉన్నాయి, ఆ పేజీ నేరుగా వాళ్లకు పనికొస్తుంది.

నీళ్ల గురించి రెండు ప్రశ్నలు తప్పక పెట్టండి: తాగేది బోరా, ట్యాంకరా, ప్లాంటు క్యానా, తెచ్చేది ఎవరు, ఎంతసేపు. కనిగిరి వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. దానికి తోడు ఎండాకాలంలో బిందెల కోసం తల్లి గంటలు గంటలు నిలబడితే, ఆ మేరకు బిడ్డకు తినిపించే పూట తప్పుతుంది. గత రెండు వారాల్లో విరేచనాలు, జ్వరం వచ్చాయా అన్నదీ అదే కాగితంలో ఉంచండి.

ఒకటి మాత్రం రిపోర్టుతో సంబంధం లేకుండా చేయాలి. తీవ్ర లోపం ఉన్న బిడ్డ దొరికిన రోజే ఏఎన్ఎంకి, అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పి చీటీ రాసివ్వండి. వాపు ఉన్నా, తినబోతే తినలేకపోతున్నా, జ్వరం, విరేచనాలు ఉన్నా పోషకాహార పునరావాస కేంద్రం ఉన్న ఆసుపత్రికి పంపాలి. ఇంట్లో అన్నం ఎక్కువ పెడితే సరిపోతుందని చెప్పకండి, అలాంటి బిడ్డకు ఒక్కసారిగా తిండి పెంచడం ప్రమాదం. తల్లి వెళ్లనంటుంది. కూలి పోతుంది, ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలు ఉంటారు. ఆమెను తిట్టి ప్రయోజనం లేదు, ఆ ఇద్దర్నీ ఎవరు చూస్తారో అత్తతోనో అక్కతోనో ఆ రోజే మాట్లాడి తేల్చాలి. దీనికి మీ బడ్జెట్‌లో ఆటో ఛార్జీలకు కొంత డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోండి. సర్వే మధ్యలో అడిగితే ఎవరూ ఇవ్వరు.

మీ మండలాల పేర్లు, ఊళ్లవారీగా ఇళ్ల సంఖ్య ఇక్కడ పెడితే 30 ఊళ్లు ఎలా ఎంచుకోవాలో లెక్క వేసి చూపిస్తాను. ప్రశ్నల కాగితం తయారైతే అదీ పెట్టండి. పాలు, టీ ప్రశ్న ఎలా రాశారో ముందు చూస్తాను.